పిల్లల గేర్లు లేని సైకిలుకు చైను ఎంత బిగువుగా ఉండాలి? ఇంట్లో సరిచేసుకునే పద్ధతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఆరేళ్ల పాపకు కొన్న 16 అంగుళాల గేర్లు లేని సైకిలుకు చైను మాటిమాటికీ పడిపోయేది. దగ్గర్లోని షాపులో చక్రాన్ని వెనక్కి లాగి బిగించి ఇచ్చిన తరువాత పడిపోవడం ఆగింది కానీ, ఇప్పుడు పాప కొంచెం దూరం తొక్కి కాళ్లు నొప్పి అంటూ దిగిపోతోంది, చైను కూడా కరకరమంటోంది. అసలు ఎంత బిగువు సరైనది, దాన్ని ఇంట్లో సరిచేసుకోవచ్చా, అమెరికాలో ఉన్న మీ అన్నయ్యగారి అబ్బాయి సైకిలుకూ ఇదే పద్ధతి వర్తిస్తుందా అని అడిగారు.

నిస్సందేహంగా ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇరుసు నట్టుకు సరిగ్గా సరిపోయే పానా ఒకటి, స్క్రూడ్రైవరు ఒకటి, తొందర లేని అరగంట సమయం ఉంటే చాలు. కొలత విషయానికి వస్తే, ముందున్న పళ్ల చక్రానికీ వెనుక ఉన్న ఫ్రీవీలుకూ సరిగ్గా మధ్యలో చైనును వేలితో పైకీ కిందికీ కదిపినప్పుడు, పై అంచు నుంచి కింది అంచు దాకా మొత్తం కదలిక సుమారు అర అంగుళం, అంటే 12 మిల్లీమీటర్ల వరకు ఉండాలి. అదీ చైను అన్నిటికన్నా బిగువుగా నిలిచే చోట కొలవాలి. కదలిక దాదాపు లేకపోతే తొక్కడం కష్టమవుతుంది, అంగుళం దాటితే చైను పడిపోయే అవకాశం పెరుగుతుంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీ పాప సైకిలు చైను ఇప్పుడు అవసరానికి మించి బిగిసి ఉంది. కాబట్టి మీరు చేయవలసినది బిగించడం కాదు, కొద్దిగా వదులు చేయడం.

గేర్ల సైకిలులో వెనుక వేలాడే డిరైలరు తన స్ప్రింగుతో చైనులోని వదులునంతా తానే లాగి పెట్టుకుంటుంది. గేర్లు లేని సైకిలులో ఆ ఏర్పాటు లేదు. వెనుక ఇరుసు కూర్చునే గాడి పొడవుగా ఉంటుంది, ఆ గాడిలో ఇరుసు ఎక్కడ నిలిస్తే చైను అంత బిగువుగా ఉంటుంది. బిగువును కాపాడేది రెండు నట్ల పట్టు మాత్రమే. అందుకే ఒక నట్టు కాస్త సడలినా చైను లాగుడుకు చక్రం ముందుకు జరిగి ఒరిగిపోతుంది, ఆ వెంటనే చైను వదులవుతుంది.

బిగువు ఎక్కువైతే ఏమవుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు, కొందరు మెకానిక్కులు కూడా, చైను ఎంత బిగువుగా ఉంటే అంత మంచిదని అనుకుంటారు. తీగలా లాగిపెట్టిన చైను ముందున్న పెడల్ ఇరుసునూ వెనుక చక్రం ఇరుసునూ ఒకదాని వైపు ఒకటి నిరంతరం లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడంతా బేరింగు గోళీల మీద పడుతుంది, చైను లంకెల్లోని పిన్నుల మీద పడుతుంది, ఫ్రీవీలు పళ్ల మీద పడుతుంది. పెద్దవాళ్లు తొక్కే సైకిలైతే ఆ అదనపు బరువు వెంటనే తెలియకపోవచ్చు. కానీ ఇరవై కిలోల లోపు బరువున్న పాప తన కాళ్లలోని బలంలో పెద్ద భాగాన్ని ఆ రాపిడికే ఖర్చు పెట్టవలసి వస్తుంది. నా దగ్గరకు "పాపకు సైకిలంటే ఇష్టం పోయింది" అంటూ తీసుకొచ్చిన సైకిళ్లలో చాలావాటికి కారణం ఇదే. చైను వదులు చేసి, నూనె వేసి, టైర్లలో గాలి నింపి ఇస్తే అదే పాప షాపు ముందు రెండు చుట్లు తిరిగి గాని ఇంటికి వెళ్లేది కాదు.

అన్నిటికన్నా బిగువైన చోటు అన్నాను కదా, దాని సంగతి ఇదీ. పిల్లల సైకిళ్లలో ముందు పళ్ల చక్రం ఎక్కువగా రేకు నుంచి కొట్టి తీసి క్రాంకుకు, అంటే పెడలును పట్టుకునే చేతికి, రివెట్లు వేసి గాని, అదిమి గాని బిగించినది. అది తన కేంద్రం చుట్టూ అచ్చంగా గుండ్రంగా తిరగదు. ఒక పక్కకు అర మిల్లీమీటరో, అంతకన్నా కాస్త ఎక్కువో జరిగి ఉంటుంది. పెడలును నెమ్మదిగా తిప్పుతూ చైనును గమనిస్తే, ఒక స్థానంలో బాగా వేలాడుతూ, మరో స్థానంలో బిగుసుకుపోతూ కనిపిస్తుంది. వేలాడే చోట చూసి అర అంగుళం పెడితే, బిగిసే చోటికి వచ్చేసరికి చైను తీగలా అవుతుంది. మీ షాపులో జరిగినది ఇదే అయి ఉండవచ్చు. పెడలు ఒక చుట్టు తిరిగేలోపు ఒకసారి బరువుగా, ఒకసారి తేలికగా అనిపిస్తోందా అని పాపను అడిగి చూడండి, లేదా చక్రాన్ని పైకెత్తి పెడలును చేత్తో తిప్పి మీరే చూడండి. అలా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. బిగువైన స్థానంలో పెడలు ఎక్కడ నిలిచిందో చూసుకుని, పళ్ల చక్రం మీద సుద్దముక్కతో ఒక గీత పెట్టుకోండి. ఇక అన్ని కొలతలూ ఆ గీత దగ్గరే తీయాలి.

పనిలోకి దిగే ముందు ఒక లెక్క మనసులో ఉంచుకోవాలి, ఎందుకంటే ఇంట్లో చేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 16 అంగుళాల సైకిలులో రెండు పళ్ల చక్రాల మధ్య చైను సుమారు 300 మిల్లీమీటర్ల మేర గాలిలో ఉంటుందనుకుందాం. మధ్యలో మొత్తం 40 మిల్లీమీటర్లు, అంటే పైకి ఇరవై, కిందికి ఇరవై కదిలేంత వదులుగా ఉన్న చైనును 12 మిల్లీమీటర్లకు తేవాలంటే ఇరుసును ఎంత వెనక్కి జరపాలి? చూడగానే ఒక సెంటీమీటరైనా జరపాలనిపిస్తుంది. లెక్క కడితే వచ్చేది ఒక మిల్లీమీటరు పైన కొంచెం మాత్రమే. ఆ 12 మిల్లీమీటర్ల నుంచి చైను తీగలా బిగిసిపోవడానికి మిగిలిన దూరం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఈ కారణం చేతనే నట్లు పూర్తిగా విప్పేసి చక్రాన్ని గట్టిగా లాగి బిగించేవాళ్లకు సరైన బిగువు ఎప్పుడూ కుదరదు. నట్టును చివరి పట్టు పట్టేటప్పుడు ఇరుసు వెంట్రుకవాసి కదిలినా ఫలితం మారిపోతుంది. కాబట్టి ఈ పనిలో లాగే బలం కన్నా, లాగిన చోట నిలిపి ఉంచే పద్ధతి ముఖ్యం.

ఇక పద్ధతి. సైకిలును తిరగేసి, సీటు మీదా హ్యాండిలు మీదా నిలబెట్టండి, కింద ఒక పాత గోనెసంచి వేస్తే సీటు గీసుకుపోదు. తిరగేసిన సైకిలులో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి నేను చైను వైపు, రెండో వైపు అనే చెబుతాను. పాపను ఆ దరిదాపుల్లో ఉంచవద్దు. చక్రం గానీ పెడలు గానీ తిరుగుతుండగా చైను దగ్గర ఎవరి వేలూ ఉండకూడదు. చైనుకూ పళ్లకూ మధ్య వేలు పడితే కొస నలిగిపోవడమో తెగిపోవడమో జరుగుతుంది. సైకిలు పనిలో పిల్లలకు తగిలే అతి ఘోరమైన దెబ్బ ఇదే. ముఖ్యంగా తిరగేసిన సైకిలు పెడలును తిప్పి చూడడం పిల్లలకు మహా సరదా.

చైను మీద పూర్తి కవరు ఉంటే దాని స్క్రూలు విప్పి తీసేయండి. కవరు లోపల చైను కనిపించకుండా బిగువు సరిచేయడానికి ప్రయత్నించవద్దు. ఇప్పుడు ఇరుసు చివర ఉన్న నట్టుకు పానా పెట్టి చూడండి. చాలా సైకిళ్లకు 15 నంబరు పానా సరిపోతుంది, కొన్నిటికి 14 గాని 16 గాని కావాలి. నంబరు కన్నా, పానా నట్టు మీద ఆటలాడకుండా కూర్చోవడం ప్రధానం. రింగు పానా అయితే ఇంకా మంచిది. వదులుగా ఉన్న స్క్రూ పానాతో తిప్పితే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతాయి, తరువాత దాన్ని విప్పడమే ఒక పెద్ద పనిగా మారుతుంది.

నట్టు విప్పే ముందు ఇరుసు మీద ఏది ఏ వరుసలో ఉందో ఫోనుతో రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి. పిల్లల సైకిళ్లకు ఒకే ఇరుసు మీద మడ్‌గార్డు కడ్డీ, క్యారియరు కాలు, స్టాండు, సపోర్టు చక్రాల పట్టీ, కొక్కెం ఉన్న వాషరు, ఇవన్నీ దొంతరగా ఉంటాయి. ఏది తారుమారైనా నట్టు సరిగ్గా బిగుసుకోదు.

మీ విషయంలో చైను బిగువుగా ఉంది కాబట్టి, రెండు నట్లనూ అర చుట్టు మాత్రమే వదులు చేయండి. తరచూ చైను బిగువే చక్రాన్ని తనంతట తాను కొంచెం ముందుకు లాగేస్తుంది. అలా జరగకపోతే టైరును వెనుక నుంచి ముందువైపుకు, అంటే పెడల్ గొట్టం వెనుక ఉన్న రెండు గొట్టాల మధ్యకు జరిగేలా, అరచేత్తో చిన్నగా తట్టండి. గీత పెట్టిన స్థానానికి పెడలును తెచ్చి కదలిక చూడండి. దాదాపు సరిపోయిందనిపించినప్పుడు చైను వైపు నట్టును ముందుగా ఒక మాదిరిగా బిగించి, తరువాత టైరు రెండు గొట్టాలకూ సమాన దూరంలో ఉండేలా నడుమకు తెచ్చి, రెండో వైపు నట్టును బిగించండి.

భవిష్యత్తులో చైను వదులైతే బిగించే పద్ధతిని కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే ఒంటి చేత్తో చక్రాన్ని లాగి పట్టుకుని రెండో చేత్తో పానా తిప్పడం దాదాపు ఎవరికీ కుదరదు. దానికి బదులు చక్రాన్ని అడుగులు వేయిస్తూ వెనక్కి నడిపించాలి. రెండో వైపు నట్టు బిగువుగానే ఉంచి, చైను వైపు నట్టును మాత్రమే వదులు చేయండి. టైరు ముందు అంచును చైను ఉన్న వైపుకు నెట్టండి. రెండో వైపు ఇరుసు కదలకుండా ఉంటుంది కాబట్టి చైను వైపు ఇరుసు వెనక్కి వెళుతుంది, చైను బిగుస్తుంది. చైను వైపు నట్టును బిగించండి. ఇప్పుడు రెండో వైపు నట్టును వదులు చేసి, టైరు అంచును తిరిగి మధ్యకు తెచ్చి, ఆ నట్టును బిగించండి. ఒకసారికి చాలకపోతే మళ్లీ అదే వరుస. ఇందులో ఏ దశలోనూ చక్రం మీ చేతిలోంచి జారిపోదు, ఎందుకంటే ఎప్పుడూ ఒక నట్టు పట్టుకునే ఉంటుంది. వదులు చేయడానికి ఇదే పని తలకిందులుగా: టైరు అంచును చైనుకు అవతలి వైపుకు నెట్టాలి.

చివరి బిగింపులో రెండు నట్లనూ మార్చి మార్చి పావు చుట్టు చొప్పున బిగించండి. ఒక వైపు పూర్తిగా బిగించేసి తరువాత రెండో వైపుకు వెళితే చక్రం వాలుతుంది. ఎంత బలంగా అంటే, సుమారు 30 న్యూటన్ మీటర్లు. టార్క్ పానా ఇళ్లలో ఉండదు కాబట్టి, ఇరవై సెంటీమీటర్ల పానా చివర పదిహేను కిలోల బరువు వేలాడదీసినంత ఒత్తిడి అనుకోండి. కాలితో తొక్కి బిగించడం అక్కర్లేదు, రెండు వేళ్లతో బిగిస్తే చాలదు. బిగించిన తరువాత నట్టు బయటికి ఇరుసు మరలు ఒకటి రెండైనా కనిపించాలి. సపోర్టు చక్రాల పట్టీలు చేర్చిన సైకిళ్లలో దొంతర మందం పెరిగి, నట్టు ఇరుసు చివరి మరల మీద మాత్రమే వేలాడుతూ ఉండడం నేను చాలాసార్లు చూశాను. అలాంటి నట్టు నెల తిరక్కముందే సడలుతుంది. అవసరం లేని వాషర్లు తీసివేయడమో, పొడవైన ఇరుసు వేయించడమో దానికి మార్గం. గాడిలో కూర్చునే కొక్కెం వాషరును మాత్రం తీయవద్దు.

నట్లు బిగిశాక బిగువు మళ్లీ కొలవండి. పైన చెప్పిన లెక్క ప్రకారం అది మారిపోయి ఉండే అవకాశమే ఎక్కువ. చేయి తిరిగినవాళ్లు కూడా రెండోసారి సర్దుతారు, దానికి చిరాకు పడనవసరం లేదు. ఆ తరువాత పెడలును చేత్తో వేగంగా తిప్పి వదిలేయండి. చక్రం తిరుగుతూ ఉండగా పెడళ్లు ఆగిపోవాలి. చక్రంతో పాటు పెడళ్లు కూడా లాక్కుపోతూ ఉంటే, చైను ఇంకా బిగువుగా ఉందని గాని, ఫ్రీవీలులో మట్టి చేరిందని గాని అర్థం. అలాగే పెడలును నెమ్మదిగా తిప్పుతూ, చైను కింది భాగాన్ని స్క్రూడ్రైవరు పిడితో పక్కకు నెట్టి చూడండి. సరైన బిగువులో ఉన్న చైను పక్కకు వంగుతుంది కానీ పళ్ల మీది నుంచి దిగదు.

ఇంకొకటి చూడాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. చక్రం రిమ్మును పట్టుకుని పక్కలకు ఊపండి. కటకటమని ఆడితే హబ్బు (చక్రం నడిమి భాగం) లోపల బేరింగు గోళీలను అదిమి ఉంచే కోన్లు వదులయ్యాయి. చక్రం చేత్తో తిప్పినప్పుడు గరగరమంటూ త్వరగా ఆగిపోతే కోన్లు బిగిసిపోయాయి. చవక సైకిళ్లలో కోన్లను నిలిపే లాక్ నట్టు సరిగ్గా బిగించి ఉండదు, అందువల్ల బయటి నట్టును తిప్పినప్పుడు ఇరుసుతో పాటు కోను కూడా తిరుగుతుంది. చైను సరిచేశాక కూడా పాప తొక్కడం కష్టంగానే ఉందంటే, ముందుగా ఇక్కడే వెతకండి. కోన్లు సరిచేయడానికి పల్చటి కోను పానాలు కావాలి కాబట్టి, అవి లేకపోతే ఈ ఒక్క పనికి షాపుకు తీసుకెళ్లడమే మంచిది. పనిలో పనిగా వెనుక బ్రేకును కూడా చూసుకోండి. మిల్లీమీటరు జరిగితే బ్రేకుకు ఏమీ కాదు, అంతకు మించి జరిగితే బ్రేకు కట్టలు రిమ్ము అంచు దాటి టైరును ఒరుసుకోవచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న: చైను మొదట ఎందుకు వదులైంది? ఊరికే బిగించి పంపితే మూడు నెలల్లో మళ్లీ అదే కథ. చైను సాగిందని అందరమూ అంటాం కానీ, ఇనుము సాగదు. ప్రతి లంకెలోనూ ఒక పిన్ను, దాని చుట్టూ తిరిగే భాగం ఉంటాయి. ఆ రెంటి మధ్య మట్టి చేరి అరగదీసినకొద్దీ ఒక్కో కీలు దగ్గర కొద్దికొద్దిగా ఖాళీ ఏర్పడుతుంది, అన్నీ కలిసి చైను పొడవు పెరుగుతుంది. 1880లో ఇంగ్లండులోని మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ అనే ఇంజనీరు ఈ బుష్ రోలరు చైనుకు పేటెంటు తీసుకున్నప్పటి నుంచి సూత్రం మారలేదు, అరుగుదల తీరు కూడా మారలేదు. సైకిలు చైనులో ఒక పిన్ను నుంచి తరువాతి పిన్నుకు దూరం అర అంగుళం కావడం మనకు బాగా కలిసివచ్చిన విషయం, ఎందుకంటే స్కూలు పిల్లల స్కేలుతోనే అరుగుదల కొలవవచ్చు. చైనును బిగువుగా పట్టుకుని ఒక పిన్ను మధ్య నుంచి, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా, తరువాత వచ్చే ఇరవై నాలుగో పిన్ను మధ్య దాకా కొలిస్తే, కొత్త చైనుకు కచ్చితంగా 12 అంగుళాలు రావాలి. అది 12 అంగుళాల మీద ఇంకో ఎనిమిదో వంతు అంగుళం వచ్చిందంటే, ఆ చైను పని అయిపోయినట్టే. అప్పుడు బిగించడం దండగ, కొత్త చైను వేయాలి. అరిగిన చైనును అలాగే తొక్కిస్తే అది పళ్లను కూడా తన అరుగుదలకు తగ్గట్టు కొరికేస్తుంది, తరువాత కొత్త చైను వేసినా పాత పళ్ల మీద జారుతుంది.

మీ పాప సైకిలు కొని ఏడాదే అయిందన్నారు కాబట్టి అరుగుదల అంతగా ఉండకపోవచ్చు. కాకినాడలో అపార్టుమెంటు సెల్లారులో ఉంచుతున్నామని రాశారు, అక్కడ నాకు అనుమానం వేరే విషయం మీద ఉంది. తీరప్రాంతపు గాలిలో ఉప్పూ తేమా కలిసి చైనుకు తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన లంకె వంగిన చోటే బిగుసుకుపోయి, వెనుక ఫ్రీవీలు మీదికి వచ్చినప్పుడల్లా ఎగిరిపడి చైనును దించేస్తుంది. పెడలును వెనక్కి నెమ్మదిగా తిప్పుతూ, చైను ఫ్రీవీలు నుంచి బయటికి వచ్చే చోట గమనించండి. ఒక లంకె నిటారుగా సాగకుండా మోకాలిలా మడిచి ఉండిపోతే, దోషం బిగువులో లేదు. ఆ లంకెను పక్కలకు రెండు మూడుసార్లు వంచి, నూనె చుక్క వేస్తే చాలాసార్లు విడిపోతుంది.

నూనె ప్రస్తావన వచ్చింది కాబట్టి, మన ఇళ్లలో అందుబాటులో ఉందని కొబ్బరినూనె పోసే అలవాటు గురించి చెప్పక తప్పదు. వంటనూనెలు చాలావరకు గాలి తగిలి కొన్నాళ్లకు జిగురుగా మారతాయి. కొబ్బరినూనె అయితే సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది కూడా. ఆ జిగురు మీద దుమ్ము అంటుకుని చైనును అరగదీసే పేస్టులా తయారవుతుంది. కుట్టుమిషను నూనె గాని, సైకిలు చైను కోసమే అమ్మే నూనె గాని వాడండి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో చైను తుడిచి, ఆరిన తరువాత ఒక్కో లంకె మీద ఒక్కో చుక్క వేసి, పెడలును కాసేపు తిప్పి, పైన మిగిలిన నూనెను పొడిగుడ్డతో తుడిచేయండి. చైను పైకి తడిగా మెరుస్తూ ఉండకూడదు, నూనె పని లోపలి పిన్నుల దగ్గరే.

బిగువు సరిగ్గా ఉండి కూడా చైను పడిపోతోందంటే బిగించడం మానేసి వేరే కారణం వెతకాలి. చైను పడిపోతోందని కారణం వెతకకుండా బిగించేయడమే మీ సైకిలును ఈ స్థితికి తెచ్చింది. పైనుంచి చూసినప్పుడు ముందు పళ్ల చక్రం, వెనుక ఫ్రీవీలు ఒకే గీత మీద ఉన్నాయా చూడండి. సైకిలు చైను వైపు పడినప్పుడు రేకు పళ్ల చక్రం సులభంగా వంగుతుంది, తిప్పితే పాములా మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. పెడల్ ఇరుసు బేరింగు వదులై క్రాంకు ఊగుతున్నా అదే ఫలితం. ఇటీవల నా దగ్గరకు వచ్చిన ఒక 20 అంగుళాల సైకిలుకు అప్పటికే రెండు చైన్లు మార్చి ఉన్నారు, అసలు దోషం ఒకే ఒక్క పన్ను బయటికి వంగి ఉండడం. కటింగు ప్లయరుతో దాన్ని నిటారుగా చేసిన తరువాత ఫిర్యాదు మళ్లీ రాలేదు.

సపోర్టు చక్రాలు ఇంకా తీయలేదంటే వాటి మీద కూడా ఒక కన్ను వేయండి. గుంటల నేల మీద బరువంతా ఆ చిన్న చక్రాల మీద పడి, వెనుక చక్రం గాలిలో తేలుతుంది. ఆ కుదుపులన్నీ పట్టీ ద్వారా ఇరుసు నట్టుకే తగులుతాయి. సపోర్టు చక్రాలున్న సైకిళ్లలో నట్లు తరచూ సడలడానికి కారణం ఇదే. చదునైన నేల మీద సైకిలు నిటారుగా ఉన్నప్పుడు ఆ చిన్న చక్రాలు నేలకు కాస్త పైన ఉండాలి, రెండూ ఒకేసారి నేలను తాకకూడదు.

ఎప్పటికైనా ఇరుసు గాడి చివరికి చేరి ఇక వెనక్కి పోలేని స్థితి వస్తుంది. అప్పుడు చైనులో ఒక జత లంకెలు, అంటే లోపలిది ఒకటి బయటిది ఒకటి, తీయించాలి. చైను పొడవు అంగుళం తగ్గుతుంది, ఇరుసు అర అంగుళం ముందుకు వస్తుంది. గాడిలో ముందు అంత చోటు ఉందా, టైరు మడ్‌గార్డుకు తగలకుండా ఉంటుందా అని ముందే కొలిచి చూసుకోండి. అయితే లంకె తీయవలసినంతగా పొడవు పెరిగిన చైను చాలావరకు మార్చవలసిన చైనే అయి ఉంటుంది, కాబట్టి స్కేలు కొలత తీయకుండా లంకె తీయించవద్దు. చైనును కలిపే చోట క్లిప్పు లాకు ఉంటే, ఆ క్లిప్పు మూసుకున్న వైపు చైను నడిచే దిశకు ముందుండాలి, చీలిన వైపు వెనుక ఉండాలి. సైకిలు మామూలుగా నిలబెట్టి ఉన్నప్పుడు పై వరుసలో చైను వెనుక నుంచి ముందుకు నడుస్తుంది, దాన్ని బట్టి చూసుకోండి. తిప్పి పెట్టిన క్లిప్పు ఏదైనా తగిలితే ఊడిపోతుంది, దానితో చైను మొత్తం కిందికి జారుతుంది.

ఇక మీ అన్నయ్యగారి అబ్బాయి సైకిలు. బిగువు కొలత, చక్రాన్ని నడిపించే పద్ధతి అక్కడా ఇవే. కానీ అక్కడి చిన్నపిల్లల సైకిళ్లలో చాలావాటికి పెడలును వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉంటుంది, మన దగ్గర అది అరుదు. సీటును పూర్తిగా దించినప్పుడు 22 అంగుళాలు, అంతకు మించి ఎత్తు ఉండే చిన్నపిల్లల సైకిళ్లకు ఈ కాలి బ్రేకు తప్పనిసరి అని అమెరికా వినియోగదారుల భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. దీనివల్ల రెండు తేడాలు వస్తాయి. మొదటిది, అక్కడ చైను పడిపోవడం చిరాకుతో పోయే విషయం కాదు; చైను పడితే ఆ బ్రేకు కూడా పోయినట్టే. కాబట్టి చైను అంగుళం దాకా వేలాడుతున్నా సరేలే అని ఆ సైకిలును పిల్లవాడి చేతికి ఇవ్వకూడదు.

రెండోది పని విధానానికి సంబంధించినది. ఆ హబ్బుకు చైనుకు అవతలి వైపు ఒక ఇనుప చేయి ఉంటుంది, దాని చివరను చిన్న పట్టీతో, స్క్రూతో కింది గొట్టానికి బిగించి ఉంచుతారు. చక్రాన్ని జరపాలంటే ఇరుసు నట్లతో పాటు ఆ స్క్రూను కూడా వదులు చేయాలి, లేకపోతే చేయి వంగుతుంది గాని చక్రం తిన్నగా రాదు. చక్రం సర్ది, ఇరుసు నట్లు బిగించిన తరువాత ఆ చేతిని లాగకుండా, మెలిపెట్టకుండా, అది సహజంగా నిలిచిన చోటే పట్టీలో కూర్చోబెట్టి స్క్రూ బిగించాలి. పట్టీ బిగించకుండా తొక్కితే బ్రేకు వేసిన క్షణంలో ఆ చేయి చక్రంతో పాటు తిరిగి ఇరుసును వదులు చేస్తుంది. అబ్బాయికి ఇచ్చే ముందు మీ అన్నయ్యగారిని వెనుక చక్రం పైకెత్తి చేత్తో పెడలు తిప్పి, వెనక్కి నొక్కి, చక్రం వెంటనే ఆగుతోందా అని చూడమనండి. బ్రేకు పట్టడానికి ముందు పెడలు వెనక్కి ఎక్కువ దూరం ఖాళీగా తిరుగుతోందంటే చైను ఇంకా వదులుగా ఉందేమో మళ్లీ కొలవాలి. కొలత సరిగ్గానే ఉండి కూడా అలా తిరుగుతోందంటే, ఆ హబ్బును విప్పి చూడగల మెకానిక్కుకు అప్పగించాలి.